ఆకాశానికి ఆదివారం ఉండదు

జూలై 4

పిన్నీ,

నేను ఇక్కడ చేరి వారం దాటింది. ఫోను రాలేదని అమ్మ ఈపాటికి నీ కొట్లో కుక్కర్ల మధ్య కూర్చుని కళ్ళు ఒత్తుకుంటూ ఉంటుంది. నాకేం కాలేదని చెప్పు. ఫోను నా దగ్గర లేదు, అంతే. లోయలోకి దిగే గేటు దగ్గరే తీసుకుని, నంబరు వేసిన చిన్న ఇనప అరలో పెట్టి తాళం వేసేశారు.

ఇక్కడ ఎవరి దగ్గరా ఫోను ఉండదు. లోయ మధ్యలో ఒక పెద్ద పళ్ళెం ఉంది. మన వీధి వీధంతా అందులో పరిచేయొచ్చు. ఆకాశంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే రేడియో తరంగాలను అది పట్టుకుంటుంది. అవి ఎంత నీరసంగా ఉంటాయంటే, దగ్గర్లో ఒక్క ఫోను పనిచేసినా రైలు పక్కన చీమ దగ్గినట్టు అయిపోతుంది. అందుకే ఫోను, బ్యాటరీ ఉన్న వస్తువు, కరెంటు తీగ ఉన్న సొంత సామాను ఏదీ లోపలికి తేనని ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు. తెచ్చినవాళ్ళు ఆ రోజే లోయ దాటిపోవాలి. బస్సులు కూడా డీజిలువే రానిస్తారు. పెట్రోలు బండిలో నిప్పురవ్వ పుడుతుంది కదా, అదీ పళ్ళానికి వినపడుతుందట. ఈ ముక్క సందర్శకులకి రోజుకి పదిసార్లు నేనే చెబుతాను.

నా పని సందర్శకుల గదిలో. ఒక ప్రశ్నల పెట్టె, ఒక బోర్డు. వచ్చినవాళ్ళు చీటీ మీద ప్రశ్న రాసి వేస్తారు. మర్నాటికి నేను జవాబు రాసి బోర్డుకి గుచ్చాలి. చంద్రుడు మన వెంట ఎందుకు వస్తాడని ఎవరో అడిగితే పేజీన్నర రాశాను. ఎవరో దాని కింద నిద్రపోతున్న మొహం బొమ్మ వేసి వెళ్ళారు. చొంగతో సహా.

మా సూపరింటెండెంటు గారు నిన్న పిలిచారు. "రోజుకి నాలుగు చీటీలు వస్తున్నాయి. అందులో రెండు బాత్రూం ఎక్కడ అని. సెప్టెంబరు ఇరవై ఆరు, శనివారంతో మీ మూడు నెలలు అయిపోతాయి. అప్పటికీ పెట్టె ఇలాగే ఉంటే, ఆ గోడకి మంచినీళ్ళ ఫిల్టరు పెట్టిస్తాను" అన్నారావిడ.

నాకు ఈ ఉద్యోగం కావాలి పిన్నీ. పుట్టినప్పటి నుంచి ప్రశ్నలు అడిగి అందరిచేతా చీవాట్లు తిన్నదాన్ని. ప్రశ్నల మధ్య కూర్చోబెట్టి జీతమిచ్చే చోటు నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? చిన్నప్పుడు నేనేం అడిగినా నువ్వు ముందొక అబద్ధం, తర్వాత ఒక నిజం చెప్పేదానివి. అలా చెప్పి పెట్టవూ. చంద్రుడిది ఒకటి. ఇంకోటి, నీళ్ళలో నానితే వేళ్ళు ఎందుకు ముడతలు పడతాయి అని.

ఫిల్టరు పక్కన నిలబడి ఉన్న
నీ అక్క కూతురు

జూలై 9

ఎందుకమ్మకి,

పిన్ని దీవెనలు, వెంటనే ఒక మొట్టికాయ. ఎనిమిదేళ్ళ వయసులో నువ్వు "ఎందుకు" అని ఒక్కరోజులో ఎనభైసార్లు అంటే నేనే ఆ పేరు పెట్టాను. ఆ పేరు చంద్రుడి మీద పేజీన్నర రాయడానికి పెట్టలేదు.

ఇవాళ కొట్లో పదకొండు కుక్కర్లు. ఒకావిడది అస్సలు విజిల్ వేయడం లేదట, కొత్తది ఇప్పించమని కంపెనీ వాళ్ళతో తగువు పెట్టుకుని మరీ వచ్చింది. విప్పి చూస్తే ఆవిరి గొట్టంలో బఠాణీ గింజ. ఆవిడ మొహం చూడాల్సింది. గింజని కడిగి, కాగితంలో పొట్లం కట్టి తిరిగిచ్చాను.

సరే, రాసుకో. నేను పదో తరగతి మూడుసార్లు చదివాను, అంటే నీకంటే రెండేళ్ళు ఎక్కువ చదువుకున్నట్టే లెక్క. కాబట్టి నోరు మూసుకుని నమ్ము.

చంద్రుడు. అబద్ధం: మీ ఇంట్లో ఏదో మర్చిపోయాడు, అడగడానికి మొహమాటం. నిజం: బస్సు కిటికీలోంచి చూడు. పక్కనున్న స్తంభాలు వెనక్కి పరుగెడతాయి. దూరంగా ఉన్న కొండ బద్ధకంగా జరుగుతుంది. ఎంత దూరమైతే అంత బద్ధకం. చంద్రుడేమో నాలుగు లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. నువ్వు నాలుగు వీధులు నడిచి ఆయాసపడితే ఆయనకేం లెక్క? వెనక్కి జరగనివాడు వెంటబడి వచ్చినట్టే కనిపిస్తాడు.

వేళ్ళు. అబద్ధం: అంట్లు ఇంకొకరిచేత తోమించుకోమని అవి ముసలి వేషం వేస్తాయి. నిజం: నీళ్ళు తాగి ఉబ్బడం వల్ల కాదు, నరాలు చేసే పని. తడిలో పట్టు జారకుండా టైరుకి గాడులు పెట్టినట్టు. నరం తెగిన వేలు ఎంతసేపు నానినా నున్నగానే ఉంటుంది. మా పక్క కొట్టు లేతు మిషనాయన చిటికెనవేలు నరం ఎప్పుడో తెగింది. ఆయన చెయ్యి బలవంతంగా బకెట్లో ముంచి అరగంట కూర్చోబెట్టాను. నాలుగు వేళ్ళు ముడత, చిటికెనవేలు పెళ్ళికొడుకు! ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు.

విజిలు పిన్ని

జూలై 21

పిన్నీ,

పెద్ద గొడవ జరిగింది, మంచి గొడవే! నీ జవాబులు రెండూ రాసి, ఏది నిజమో చెప్పకుండా బోర్డుకి గుచ్చాను. కింద "నిజం రేపు చెబుతాను" అని రాశాను. బస్సు దిగిన ఒక జంట వేళ్ళ ముడతల గురించి వాదించుకుని వాదించుకుని, బస్సు వెళ్ళిపోయిందని కూడా చూసుకోలేదు. ఆయన నీళ్ళ ఫ్లాస్కులో వేళ్ళు ముంచి కూర్చున్నాడు. ఆవిడ గోడ గడియారం చూస్తోంది. చుట్టూ ముప్ఫైమంది.

ఆ రోజు పెట్టెలో పంతొమ్మిది చీటీలు! బాత్రూం ఒక్కటే! సూపరింటెండెంటు గారు లెక్కపెట్టి, పెట్టె మీద దుమ్ము తన చేత్తోనే తుడిచారు. ఆవిడ విషయంలో అది చప్పట్లతో సమానం.

ఇవి ఈ వారానివి. అంతరిక్షంలో ఏడిస్తే కన్నీళ్ళు ఎటు పోతాయి? ఆవలింత ఎందుకు అంటుకుంటుంది?

అమ్మ అడుగుతుంది కదా, తిండి బానే ఉంది. నాకిచ్చిన క్వార్టరులో వంటిల్లే నా ప్రాణానికి వచ్చింది. ఇక్కడ మబ్బులు తిన్నగా కిటికీలోంచి లోపలికి వచ్చి కూర్చుంటాయి. అగ్గిపెట్టెలన్నీ మెత్తబడిపోయాయి. ఒక్క కప్పు టీకి ఎనిమిది పుల్లలు గీయాలి.

ఎందుకమ్మ

జూలై 27

ఎందుకమ్మకి,

ఎనిమిది పుల్లలా? నా అక్క కూతురు, స్టవ్వుల డాక్టరు అక్క కూతురు, తడి అగ్గిపుల్లలు గీసుకుంటూ కూర్చుందా? పరువు తీశావు. దీనితో పాటు ఒక పొట్లం పంపుతున్నా, విప్పు. గ్యాస్ లైటర్. మామూలుది కాదు, రెండు పాత లైటర్ల గుండెలు తీసి ఒకదాంట్లో పెట్టాను. గుర్రంలా తన్నుతుంది. లోపల ఒక మిణుగురు పురుగు ఉంటుంది, నొక్కినప్పుడల్లా దానికి కోపం వస్తుంది. ఇది అబద్ధం. నిజం నువ్వడిగినప్పుడు చెబుతా.

బ్యాటరీ లేదు, తీగ లేదు, నీ ఫారానికి అడ్డం రాదు. గేటు దగ్గరివాళ్ళు కావాలంటే ఊదుకుని చూసుకోమను.

కన్నీళ్ళు. అబద్ధం: పైన ఎవరూ ఏడవరు, చూసేవాళ్ళు లేనప్పుడు ఏడుపెందుకు దండగ. నిజం: కిందికి కారవు. కంటి మీదే నీటి బుడగలా కూర్చుని పెరుగుతుంది, తుడిచేదాకా కదలదు. మీ అమ్మని అక్కడికి పంపితే మొహమంతా చెరువే.

ఆవలింత. అబద్ధం: నోట్లోంచి నోట్లోకి గాలి దూకుతుంది. నిజం: పెద్ద పెద్దవాళ్ళకి కూడా ఇంకా గట్టిగా తెలీదు. ఒకరి స్థితి ఇంకొకరిలోకి పాకే గుణం ఏదో మనలో ఉందంటారు. తెలీదని బోర్డు మీద ధైర్యంగా రాయి, తప్పులేదు. ఈ వాక్యం రాస్తూ మూడుసార్లు ఆవలించాను. నువ్వు చదువుతూ రెండుసార్లు ఆవలించి ఉంటావు.

ఇంకోటి. మా కొట్లో కొత్త చట్టం. ప్రశ్న రాసిస్తే తప్ప బాగుచేసిన కుక్కరు ఇవ్వను. ఇప్పటికి నలభై రెండు చీటీలు, పొట్లంలోనే ఉన్నాయి. "మా ఆయన గురక ఆయనకి ఎందుకు వినపడదు?" అన్నది చాలా బావుంది. ఒకాయన మాత్రం "నా కుక్కరు ఎప్పుడిస్తావు?" అని రాశాడు. ఆయనకి ఇంకా ఇవ్వలేదు.

ఇట్లు,
బఠాణీ గింజలు తిరిగిచ్చే నిజాయితీపరురాలు

ఆగస్టు 14

పిన్నీ పిన్నీ పిన్నీ,

ముందు నీ లైటర్ సంగతి. గేటు మనిషి దాన్ని తిరగేసి మరగేసి, సెల్లు పెట్టే మూత కోసం పావుగంట వెతికి, లేదని తేల్చుకుని ఇచ్చేశాడు. అద్భుతం! తడి బర్నరు కాబట్టి మూడు నాలుగుసార్లు నొక్కాలి గానీ తప్పకుండా అంటుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. గట్టిగా పట్టుకుని కూర్చో. పళ్ళానికి ఏదో వినపడుతోంది!

రోజూ పొద్దున్న ఆరున్నర ప్రాంతంలో, మళ్ళీ సాయంత్రం ఐదింటికి. తెర మీద టక్ టక్ టక్ అని గీతలు లేస్తున్నాయట. మొదటిరోజు మూడు. తర్వాత ఐదు. ఆ తర్వాత ఏడు. మొన్న పదకొండు! మా చిన్న సైంటిస్టు "ప్రధాన సంఖ్యలు! ఎవరో కావాలని పంపుతున్నారు!" అని అరుచుకుంటూ కాంటీను బల్ల ఎక్కేశాడు. మధ్యలో నాలుగు వచ్చిన రోజు గురించి అడిగితే, "ఐదోది మబ్బు మింగేసింది" అన్నాడు. ఎవరికీ నిద్రల్లేవు. నాకూ లేదు. బోర్డుకి జవాబులు గుచ్చే దాన్ని, నేను కూడా నిన్న చీటీలన్నీ తలకిందులుగా గుచ్చాను!

ఒక్క చెవులాయన మాత్రం నమ్మడం లేదు. లోయలో పుట్టే రణగొణధ్వనిని పట్టుకోవడం ఆయన పని. చెవులకి డిప్పలు పెట్టుకుని, వ్యాను నెత్తి మీద యాంటెన్నా తిప్పుకుంటూ తిరుగుతాడు. వారం నుంచి రోజూ పొద్దున్నే సరిగ్గా నా వంటింటి కిటికీ కిందే ఆగుతున్నాడు. పాపం చలిలో నిలబడితే చూడలేక టీ పెడుతున్నాను. నేను స్టవ్ దగ్గరికి వెళ్ళానో లేదో ఆయన చెవుల్లో టకటకలు మొదలు! యాంటెన్నా ఎటు తిప్పినా ఒకేలా మోత మోగుతోందట. కప్పు అందుకోకుండానే వ్యాను తోలుకుని వీధి చివరికి పరుగు. తిరిగొచ్చేసరికి టీ చల్లారిపోతుంది. వేడి చేద్దామని మళ్ళీ స్టవ్ వెలిగిస్తానా, మళ్ళీ టకటకలు, మళ్ళీ పరుగు! పైవాళ్ళకి నా టీ అంటే ఎందుకో పగ.

ఎందుకమ్మ

ఆగస్టు 19

ఏమే దొంగా,

పైవాళ్ళ సంగతి తర్వాత. పొద్దున్నే ఆరున్నరకి నీ కిటికీ కిందికి వచ్చి, యాంటెన్నా పట్టుకుని నిలబడే మగాడి గురించి ఉత్తరం చివర్లో నాలుగు ముక్కలు గిలికి వదిలేస్తావా? టీ కూడానా? చల్లారితే మళ్ళీ వేడి చేసి మరీనా? ఈ చేతుల మీద పెరిగిన పిల్లవి, నా చెవులకే డిప్పలు పెడతావా?

ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. ఆ ముక్క రెండుసార్లు. మొదటిసారి గుండె పట్టుకుంది, రెండోసారి "ఉద్యోగం పర్మినెంటేనా?" అంది. వయసెంత, ఎత్తెంత, ఆ డిప్పలు తీసేస్తే మొహం ఎలా ఉంటుంది, అన్నీ రాయి. కనపడగానే పరుగెత్తే మనిషితో సంసారం ఎలా అని మాత్రం నాకో బెంగ.

మీ పైవాళ్ళ మీద నాకు నమ్మకం లేదు. లెక్కలు అంత బాగా వచ్చినవాళ్ళు అంత దూరం నుంచి మూడు, ఐదు, ఏడు అని ఒప్పజెబుతారా? మూడో తరగతిలో నేనూ ఒప్పజెప్పాను, ఎవరూ బల్ల ఎక్కలేదు. పొద్దున్నే ఆరున్నరకి, సాయంత్రం ఐదింటికి అంటే నాకు ఒకటే అర్థమవుతోంది. వాళ్ళకీ టీ అలవాటుంది.

గురక. అబద్ధం: వినపడుతుంది, నటిస్తారు. నిజం: నిద్రలో చెవి పనిచేస్తూనే ఉంటుంది గానీ రోజూ వచ్చే చప్పుడుని మెదడు గుమ్మంలోనే ఆపి పంపించేస్తుంది. ఎప్పుడైనా తన గురకకి తనే ఉలిక్కిపడి లేచి, "ఎవరది?" అని పెళ్ళాన్ని అడుగుతాడు.

కాబోయే పిన్నత్తగారు

ఆగస్టు 28

పిన్నీ! పిన్నీ!!

చెవులాయనకి యాభై తొమ్మిదేళ్ళు! డిసెంబరులో రిటైరవుతాడు! ఇద్దరు మనవరాళ్ళు! అమ్మ దగ్గర నుంచి ఆరు ప్రశ్నల ఉత్తరం వచ్చింది, "అబ్బాయికి తలనొప్పి ఏమైనా ఉందా, చెవులకి అవి ఎందుకు" అన్నది ఆరోది. దాన్ని పెట్టెలో వేసిన చీటీ అనుకుని సగం చదివి బోర్డుకి గుచ్చబోయాను. నువ్వే చెప్పు అమ్మకి. నువ్వే మొదలుపెట్టావు, నువ్వే ఆర్పు.

ఇక్కడ మాత్రం వ్యవహారం ముదిరింది. చిన్న సైంటిస్టు సెప్టెంబరు 18, శుక్రవారం జరిగే పెద్ద సమావేశంలో ఈ టకటకల గురించి చెప్పబోతున్నాడు. వేరే దేశాల వాళ్ళు వస్తారు. చెవులాయన వద్దంటున్నాడు. నిన్న నా కిటికీ కిందే ఇద్దరికీ మాట పెరిగింది.

"నాలుగు వారాల పట్టీ తీసి చూశాను బాబూ. ఆదివారం మాత్రం ఆరున్నరకి రాదు. ఎనిమిదిన్నరకి వస్తుంది."

"అయితే ఏమిటండీ?"

"ఆకాశానికి ఆదివారం ఉండదు నాయనా. ఇది మనలోనే ఎవరో. వాడెవడో దొరకనీ, సామాను సర్దించి గేటు దాకా నేనే దింపొస్తాను."

నాకు చిన్న సైంటిస్టు మీద జాలేసింది. చిక్కిపోయాడు. ఉండబట్టలేక ఇద్దరికీ టీ పెట్టాను. మళ్ళీ టకటకలు! ఇద్దరూ చెరో వైపు పరుగు!

పెట్టె బాగా నిండుతోంది, రోజుకి ముప్ఫై తగ్గడం లేదు. నీ కొట్టు చీటీల్లో ఒకటి మిగిలిపోయింది. "గ్యాస్ లైటర్‌లో బ్యాటరీ లేదు కదా, నిప్పు ఎక్కడి నుంచి వస్తుంది?" అడిగినప్పుడు నిజం చెబుతానన్నావు. అడుగుతున్నాను.

ఎందుకమ్మ

సెప్టెంబరు 3

ఎందుకమ్మకి,

మీ అమ్మకి చెప్పాను. మూడు రోజులు అన్నం మానేసి నాలుగో రోజు "డిసెంబరులో పెన్షనొస్తుందా?" అంది. నాకు సంబంధం చూస్తోందేమోనని అనుమానంగా ఉంది.

లైటర్. అబద్ధం మిణుగురు, ముందే చెప్పాను. నిజం: లోపల ఒక చిన్న గట్టి బిళ్ళ ఉంటుంది, దాని వెనక స్ప్రింగు కట్టిన సుత్తి. నొక్కితే సుత్తి వెళ్ళి బిళ్ళని ఫట్‌మని కొడుతుంది. ఆ రకం బిళ్ళకి ఒక గుణం ఉంది, దెబ్బ తగిలితే కరెంటు పుట్టిస్తుంది. వేల వోల్టులు, కానీ రెప్పపాటు కూడా ఉండదు, అందుకే మనం బతికున్నాం. ఆ కరెంటు ముక్కు చివర గాలిలోంచి దూకుతుంది, అదే నిప్పురవ్వ. నీది రెండు బిళ్ళల లైటరు కాబట్టి రెండింతలు. నేను కొట్లో లైటర్లు పరీక్షిస్తుంటే పక్కన రేడియోలో వార్తలు చదివేవాడు ప్రతి నొక్కుకీ టర్ టర్‌మని

ఆగు.

ఏమే. ఆగవే.

నువ్వు పొద్దున్న స్టవ్ ఎన్నింటికి వెలిగిస్తావు? ఆదివారం ఎన్నింటికి లేస్తావు? ఎనిమిదింటి దాకా పొర్లుతావని నాకు తెలీదా?

ఓరి దేవుడా. కింద కూర్చుని నవ్వుతున్నాను. లేతు మిషనాయన పరుగెత్తుకొచ్చి నీళ్ళు తెచ్చాడు. ప్రధాన సంఖ్యలట! తడి బర్నరే అది! ఆ ముసలాయన నీ చేతి టీ కోసం ఆగుతూ నిన్నే పట్టుకోవడానికి తిరుగుతున్నాడు!

నవ్వు అయిపోయింది. ఇప్పుడు చెమట పడుతోంది. తెచ్చినవాళ్ళు ఆ రోజే లోయ దాటాలని రాశావు కదూ? విను. ఆ లైటర్ని గుడ్డలో చుట్టి ఎక్కడైనా పాతిపెట్టు. నోరు విప్పకు. టకటకలు ఆగిపోతే పైవాళ్ళు ఇల్లు మారారనుకుంటారు. ఉద్యోగం ముఖ్యం.

పిన్ని

సెప్టెంబరు 14

ఎందుకమ్మకి,

పదకొండు రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. పట్టుకున్నారా? గేటు దాటించారా?

నువ్వు ఉన్నా లేకపోయినా పని జరగాలని నేనొక పని చేశాను. మీ సూపరింటెండెంటు గారికి ఉత్తరం రాశాను. లైటర్ నేనే దొంగతనంగా పంపానని, నీకు దాన్ని వంటగదిలో తగిలించే అలంకారమని చెప్పానని, నువ్వు దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదని, అది గాలికి దానంతటదే మోగుతుందని. నాలుగు పేజీలు. కన్నీళ్ళ మరకలు కూడా వేశాను, కుక్కరు నీళ్ళతో.

పిన్ని

సెప్టెంబరు 22

పిన్నీ,

అన్నీ చెబుతాను, వరసగా.

నీ ఉత్తరం ఏడో తారీఖున అందింది. లైటరు బియ్యం డబ్బా అడుక్కి తోసేసి మళ్ళీ అగ్గిపుల్లలకి వచ్చాను. టకటకలు ఆగిపోయాయి. అందరూ దిగులుపడ్డారు. చిన్న సైంటిస్టు అయితే తెర ముందు కూర్చుని "ఏమైంది వాళ్ళకి? ఏదైనా ప్రమాదమేమో" అంటాడు. తిండి లేదు. శుక్రవారం చెప్పబోయే మాటల చివర్లో "వాళ్ళు ఉన్నట్టుండి మౌనం వహించారు" అని రాసుకున్నాడు. అది నాకు చదివి వినిపించాడు పిన్నీ. నేను వెళ్ళి బియ్యం డబ్బా పక్కన కూర్చున్నాను. దేశదేశాల వాళ్ళ ముందు నిలబడి నా స్టవ్ గురించి కన్నీళ్ళు పెట్టుకుంటాడు. తర్వాత ఎప్పుడో ఎవరో కనిపెడతారు. అప్పుడు అందరూ నవ్వేది నన్ను చూసి కాదు.

పోయిన మంగళవారం పెట్టెలో ఒక చీటీ పడింది. "ఇన్నేళ్ళుగా వింటున్నారు కదా, ఎవరైనా పలికారా?" బుధవారం పొద్దున్న జవాబు గుచ్చాను. నువ్వు వద్దన్న పనే.

"అబద్ధం: పలికారు. మూడు, ఐదు, ఏడు. నిజం: అది నా స్టవ్వు. లైటరుకి బ్యాటరీ లేదు కదా అని తెచ్చుకున్నాను. నిప్పురవ్వకి బ్యాటరీతో పని లేదు. పెట్రోలు బండ్ల గురించి రోజుకి పదిసార్లు మీకు చెబుతూ, నా వంటింట్లో నేనే రవ్వలు పుట్టించాను. ఏది నిజమో రేపు చెబుతాననను. రెండోదే నిజం." కింద సంతకం.

చిన్న సైంటిస్టు మూడుసార్లు చదివి నేల మీద కూలబడ్డాడు.

"పదకొండు కూడానా?" అన్నాడు.

"ఆ రోజు గ్యాస్ బండ మీట తిప్పడం మర్చిపోయానండీ."

దాంతో మొదలైంది నవ్వు, హిస్టీరియా పట్టినట్టు. శుక్రవారం సమావేశంలో తన పేరు తీసేయించుకున్నాడు. సాయంత్రానికి కాంటీనులో రెండు ప్లేట్లు తిన్నాడు.

చెవులాయన లైటరు తీసుకెళ్ళి వ్యాను పక్కన నొక్కి చూశాడు. లోపల మీటరు ముల్లు ఆ చివరికి కొట్టుకుంది. "ముప్ఫై ఏళ్ళ సర్వీసు. దొంగ చేతి టీ తాగుతూ దొంగని వెతకడం ఇదే మొదలు" అన్నాడు. గేటు దాకా దింపే మాట మాత్రం ఎత్తలేదు. అది ఆయన చేతిలో లేదు కదా.

నిన్న, సోమవారం, సూపరింటెండెంటు గారు పిలిచారు. బల్ల మీద నీ నాలుగు పేజీలు. మరకలతో సహా.

"మీ పిన్నిగారు అబద్ధం చాలా బాగా రాస్తారు. కానీ కింద నిజం రాయడం మర్చిపోయినట్టున్నారు" అన్నారు.

"అది బోర్డు మీద ఉందండీ" అన్నాను.

నేను సంతకం పెట్టిన ఫారం తీశారు. వేలు పెట్టి ఒక్కొక్క ముక్కా చదివారు. ఫోను, బ్యాటరీ, తీగ. మళ్ళీ మొదటి నుంచి చదివారు. కలం తీసి చివర్లో "గ్యాస్ లైటరు" అని చేర్చి, "వెళ్ళండి" అన్నారు. ఎక్కడికి వెళ్ళాలో అడిగే ధైర్యం లేకపోయింది.

ఇవాళ పెట్టె తెరిస్తే యాభై ఒక్క చీటీలు. అందులో ఒకటి సూపరింటెండెంటు గారిది. పేరు లేదు గానీ హాజరు పట్టీ మీద ఆ చేతిరాత రోజూ చూస్తాను. ఇలా ఉంది:

"ఇక్కడ పంతొమ్మిదేళ్ళ నుంచి పని చేస్తున్నాను. నేను చదువుకున్నది సైన్సు కాదు. పైన గాలి లేదు కాబట్టి చప్పుడే ఉండదంటారు. మరి ఈ పళ్ళెం ఇన్నేళ్ళుగా వింటున్నది ఏమిటి? ఇంతమంది మేధావుల మధ్య అడగడానికి సిగ్గేసింది. జవాబు సోమవారానికి కావాలి."

పిన్నీ, శనివారంతో నా మూడు నెలలు అయిపోతాయి. ఉంచుతారో పొమ్మంటారో ఒక్క ముక్క చెప్పలేదు. బట్టలు సగం సర్దాను. అమ్మని ఆదివారం బస్టాండుకి రమ్మని కార్డు రాశాను. ఆవిడ జవాబు రాసి ఎవరికి అప్పజెప్పి వెళ్ళాలో తెలీడం లేదు. ఏది ఏమైనా ఆవిడకి మంచి జవాబు ఇవ్వాలి. అబద్ధం, నిజం రెండూ పంపు.

ఎందుకమ్మ

సెప్టెంబరు 26

మొద్దమ్మకి,

ఇవాళ్టి నుంచి నీ పేరు మార్చాను.

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. కుక్కరు మూత చేతిలో పట్టుకునే చదివాను. ముందు నీ మీద కోపం వచ్చింది, చెప్పొద్దన్న మాట చెప్పినందుకు. ఆ కుర్రాడు రెండు ప్లేట్లు తిన్నాడన్న దగ్గర కోపం ఎక్కడికో పోయింది. నేను పాతిపెట్టమన్నాను, నువ్వు బోర్డుకి గుచ్చావు. మన ఇద్దరిలో చదువుకున్నది నువ్వేనని ఈ ఒక్కసారికి ఒప్పుకుంటున్నా. ఎవరికీ చెప్పకు.

ఆవిడ ప్రశ్నకి నా దగ్గర అబద్ధమూ లేదు, నిజమూ లేదు. నేను కుక్కర్ల దాన్ని. ఆ పళ్ళెం వినేదేమిటో, చూసేదేమిటో మూడు నెలలు దాని పక్కన కూర్చున్న దానివి నీకే తెలియాలి. పంతొమ్మిదేళ్ళు దాచుకున్న ప్రశ్న అది. పేజీన్నర రాశావో, నేనే వచ్చి చొంగ బొమ్మ వేస్తాను.

నీ కార్డు అందినప్పటి నుంచి మీ అమ్మ చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని నా కొట్లోనే కూర్చుంది, రేపటి బస్సుకి ఇవాళే బయల్దేరుతుందట. వెళ్ళనివ్వలేదు. గొడుగు లాక్కుని లేతు మిషనాయన కొట్లో పెట్టించాను.

"నా కూతురు వస్తుంటే నేను వెళ్ళకూడదా?" అంది.

"శనివారం నిన్ను కొట్లోంచి గెంటేసే దాన్నయితే, సోమవారానికి ఒక కుక్కరు బాగుచేసి పెట్టమని నేను నీకే ఎందుకిస్తానక్కా?" అన్నాను.

మీ అమ్మకి కాసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమై ఏడుపు మొదలుపెట్టింది. ఈ ఏడుపు వేరే రకం, తుడవక్కర్లేదు. బీఏ చదివిన నీకు బట్టలు సర్దేటప్పుడు తట్టలేదు చూడు.

సర్దిన బట్టలు విప్పి అరలో పెట్టుకో. ఈ ఉత్తరం అక్కడికి చేరేసరికి మంగళవారమో బుధవారమో అవుతుంది. మీ అమ్మ ఇంటికి పంపాలా, లోయకి పంపాలా అని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇంకా నమ్మకం కుదరకపోతే కవరు తిప్పి అడ్రసు చదువుకో.

పిన్ని